మర్డాక్ హేల్ కోసం ఉపవాసం

కెనడాలోని హామిల్టన్‌లో ఉన్న తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత మందిరం లేదు. ఉదయం ఇంగ్లిషువారి ఆరాధన ముగిసి, వారు కాఫీ తాగి వెళ్ళిపోయాక, మధ్యాహ్నం రెండు గంటలకు అదే గది తెలుగువారి చేతికి వస్తుంది. గోల్ఫ్ పోటీలకు ఆఖరి రోజు ఆదివారం. గెలుపోటములు తేలేదీ దాదాపు ఆ వేళలోనే. ఈ రెండు సంగతులకూ సంబంధం ఉండవలసిన అవసరం లేదు. సంఘపెద్ద ఎలియాజరు జీవితంలో మాత్రం కొంతకాలం ఉండింది.

ఎలియాజరుది నరసాపురం. ఇక్కడ ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ పనిముట్లను కడిగి ఆవిరిలో శుద్ధి చేసే విభాగంలో ఉద్యోగం. భోజనం చేసే గదిలోని టీవీలో తరచూ గోల్ఫ్ వచ్చేది. పచ్చిక, నిశ్శబ్దం, ఒక్క దెబ్బకు ముందు అంతసేపు ఆలోచన. రోజంతా యంత్రాల హోరులో గడిపేవాడికి అది నచ్చడంలో వింత లేదు. పక్కవాళ్ళు ఫోన్లలో పందెం కాస్తుంటే ఒకనాడు తానూ కాశాడు. ఒంటారియోలో అది నేరం కాదు. ఆయన పోగొట్టుకున్నది కూడా ఇల్లు గుల్లయ్యేంత కాదు. కానీ పందెం జేబు కంటే ముందు చూపును మారుస్తుంది.

ఆయన ఎంచుకున్నది మర్డాక్ హేల్ అనే స్కాట్లాండ్ ఆటగాణ్ణి. నడివయసు, నడుముకు రెండు ఆపరేషన్లు. గెలిచే రకం కాదు గానీ, మొదటి పదిమందిలో నిలవగలవాడు. అతను ఆ పదిమందిలో ఉంటాడని ఎలియాజరు వారం వారం కాసేవాడు. కొన్నాళ్ళకు తన తమ్ముడి ఆరోగ్యం కంటే మర్డాక్ నడుము సంగతే ఆయనకు ఎక్కువ తెలిసింది. దీన్ని ప్రేమ అనలేము. ఒకరి క్షేమంలో మనకు వాటా ఉన్నప్పుడు పుట్టే ఆరాటం చూడటానికి ప్రేమలాగే ఉంటుంది. ఆరాటపడేవాడికి కూడా తేడా తెలియదు.

వేసవి మొదట్లో ఒక ఆదివారం బైబిలు మధ్యలో ఫోను పెట్టుకుని, తల వంచి, పెదవులు కదుపుతూ కూర్చున్నాడు. ప్రార్థన మనవులు చెప్పుకునే సమయం. పాస్టరు క్రిస్టో, మిగతా వారమంతా బ్యాంకులో పనిచేసే యువకుడు, ఆయన్ను చూసి ఆగాడు.

"ఎలియాజరంకుల్, ఎవరి కోసమో చాలా భారంగా ఉన్నట్టున్నారు. షేర్ చేస్తారా?"

"మర్డాక్ అని..." ఉలిక్కిపడి నోటికొచ్చింది చెప్పాడు. "నడుముకి రెండు ఆపరేషన్లు అయ్యాయి. ఈవేళ బాగా ఇబ్బంది పడుతున్నాడు."

ఆసుపత్రిలో పనిచేసే మనిషి. ఎవరో రోగి కాబోలని అందరూ మోకరించారు. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమే. నిజాలతో కట్టిన అబద్ధాన్ని కూలదోయడం కష్టం. పీకి పారేయడానికి ఒక్క తప్పుడు ఇటుకైనా దొరకదు.

ఆ ప్రార్థనను అందరికంటే గట్టిగా పట్టుకున్నది సుగుణమ్మ. కాకినాడ నుంచి వచ్చి కొడుకు కోడళ్ళ దగ్గర ఉంటున్న డెబ్బై దాటిన మనిషి. ప్రతివారం వందనాలు చెప్పగానే అదే ప్రశ్న.

"మర్డాక్ బాబు ఎలా ఉన్నాడు?"

"పోయిన వారం కంటే మెరుగేనండి" అనేవాడు ఎలియాజరు. ముప్పయ్యో స్థానం నుంచి పన్నెండుకు వచ్చిన మాట వాస్తవమే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం సుగుణమ్మ కోడలు టీనా, ఎలియాజరు భార్య కృపాబాయికి ఫోను చేసింది. "ఆంటీ, అత్తయ్యకి షుగర్ డౌన్ అయినట్టుంది. మాట తేడాగా ఉంది. నేను ఆఫీసు నుంచి బయల్దేరా, గంట పడుతుంది. మీరు దగ్గరే కదా."

భార్యాభర్తలు వెళ్ళేసరికి ఆమె సోఫాలో ఒరిగి ఉంది. నుదుట చెమట, చేతుల్లో వణుకు. షుగర్ మీటరులో అంకె చూసి కృపాబాయి గబగబా గ్లాసులో నారింజరసం పోసింది.

"సాయంత్రం దాకా ముట్టనమ్మా. ఉపవాసం."

"షుగర్ ఉన్నవాళ్ళకి ఉపవాసమేంటి పిన్నిగారూ?"

"ఆ మర్డాక్ బాబు కోసం. నెలరోజులుగా శుక్రవారాలు ఉంటున్నా. దేవుడితో చెప్పింది తప్పనా?"

"అంబులెన్సుకి ఫోన్ చేస్తా."

"చెయ్యి. వాళ్ళొచ్చినా నోరు తెరవను."

కృపాబాయి భర్త వైపు చూసింది. ఎలియాజరును ధైర్యవంతుడని రాయడం నాకు సాధ్యం కాదు, ఎందుకంటే ఆయన ముందు చేరింది ఇంకో అబద్ధం దగ్గరికే.

"పిన్నిగారూ, ఆయనకి పూర్తిగా నయమైందండి. ఇంటికి పంపించేశారు."

సుగుణమ్మ కళ్ళు మెరిశాయి. "స్తోత్రం. అయితే సాయంత్రం దాకా కృతజ్ఞతగా ఉంటా."

గ్లాసు అక్కడే ఉంది. ఆమె చేతుల వణుకు ఎక్కువైంది. ఇక మిగిలిన దారి ఒక్కటే.

"మర్డాక్ రోగి కాదండి. గోల్ఫ్ ఆడతాడు. నేను ఆయన మీద పందెం కాస్తున్నా."

"పందెమా?" సుగుణమ్మ మెల్లగా అడిగింది. "కోడిపందెం లాంటిదా?"

"అలాంటిదేనండి. ఫోన్లో."

"అంటే నెలరోజుల్నించి నేను కోడి కోసం పస్తున్నానన్నమాట." ఆమె చెయ్యి చాపింది. "ఇటియ్యి కృపా, ఆ గ్లాసు."

తాగింది. రెండో గ్లాసూ తాగింది. కృపాబాయి వంటగదిలోకి వెళ్ళి పెరుగన్నం కలుపుకొచ్చింది. మళ్ళీ మీటరు చూశారు, అంకె పెరిగింది. ముఖంలోకి రంగు తిరిగొస్తుండగా సుగుణమ్మ అంది:

"మా ఆయనా కాసేవాడయ్యా. ఉన్న ఎడ్లనీ పోగొట్టాడు. కానీ కోడి పేరు తీసుకొచ్చి సంఘంలో ప్రార్థనకి ఇవ్వలేదు. ఆ మాత్రం మర్యాద ఉండేది."

ఎలియాజరు తల దించుకున్నాడు. చిత్రమేమిటంటే, ఆ మాట తగిలిన చోట నొప్పి కంటే తెరిపే ఎక్కువగా అనిపించింది. ఆమె బతికి, కూర్చుని, తనను తిడుతోంది.

"బైబిల్లో తల దూర్చి కూచుంటే, మా ఆయన ఎంత మారాడో అనుకున్నా" అంది కృపాబాయి. "ఫోనివ్వండి."

ఇచ్చాడు. ఆ పందెం యాప్ ఎలా తీసెయ్యాలో ఆమెకు తెలియలేదు. ఆయనే పక్కన కూర్చుని చూపించాడు.

"ఆదివారం నువ్వే చెప్పు" అంది సుగుణమ్మ. "నేను చెబితే చాడీ అవుతుంది."

"పెద్దరికం ఉంచుతారంటారా?"

"ఉంచకపోతే కుర్చీలు సర్దు. దానికి పెద్దరికం అక్కర్లేదు."

ఆదివారం చెప్పాడు. వెనక వరసలో కాలేజీ పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. క్రిస్టో నవ్వలేదు. ఏడాది చివరిదాకా పెద్దల జాబితా నుంచి ఆయన పేరు తీసేస్తున్నట్టు మర్యాదగానే చెప్పాడు. అది న్యాయమేనని ఎలియాజరుకు తోచింది. నెలల తరబడి ఒకే గదిలో రెండు చోట్ల కూర్చున్నవాడికి, ఒకే చోట కూర్చోవడం ఎంత తేలికో ఎవరూ చెప్పనక్కర్లేదు. కీర్తన మొదలైంది. ఆయన రెండో చరణంలో రాగం తప్పాడు. కృపాబాయి మోచేత్తో పొడిచింది. ఆయన ఇంకా గట్టిగా పాడాడు.