పక్క ట్రైలర్ తలుపు

ట్వైలా చివరగా చేసిన పని ఎవరిదో దుప్పటి మడతపెట్టడం. డ్రయ్యర్‌లోంచి తీసి, వేడి పోకముందే ఒకసారి చెంపకు ఆనించుకుని, మడిచి బల్ల మీద పెట్టింది. "పొద్దున్నే వస్తా పెద్దమ్మా" అని కోటు తగిలించుకుని తలుపు తీసింది.

"వేసి వెళ్ళవే, వీధికంతా చలిమంట వేస్తున్నామా?" అంది ఆర్డిత్, ఎప్పటిలాగే గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్న గోధుమరంగు స్వెటర్‌లో, తలెత్తకుండానే. చలికాలమంతా వచ్చేపోయే వాళ్ళందరికీ ఆవిడ చెప్పే మాటే అది.

బొగ్గుగని మూతపడ్డాక అమెరికా కొండల్లోని బీవర్ ఫోర్క్ ఊళ్ళో మిగిలింది ఒక చర్చి, ఒక పెట్రోల్ బంకు, ఆర్డిత్ నడిపే లాండ్రీ. ట్వైలా అక్కడ పనిచేసేది. బేరాల్లేని మధ్యాహ్నాలు వెనక గదిలో పాత లాప్‌టాప్ ముందు కూర్చుని ఒక ఆట తయారుచేసేది.

ఆటలో ఒక పడుచుపిల్ల. కొండ మలుపులో, చక్రాల మీది రేకుల పెట్టెలాంటి ట్రైలర్ ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఒంట్లో చక్కెర జబ్బు. ఆమెను చలికాలం దాటించాలి, అంతే ఆట. ఇన్సులిన్ కొంటే కారు బాగుపడదు. కారు బాగుచేయిస్తే హీటర్‌కి గ్యాస్ ఉండదు. కారు లేకపోతే పని పోతుంది. పని పోతే ఇన్సులినూ లేదు.

ఆడి చూసే పని ఆర్డిత్‌ది. ఆవిడకు కంప్యూటర్ ఆటలంటే ఏమిటో తెలియదు. అయినా ఆ పిల్లను వసంతం దాకా చేర్చాలన్న పంతం పట్టుకుంది.

"మళ్ళీ చచ్చింది నీ పిల్ల!"

"నా పిల్లేంటి, ఆడింది నువ్వు."

"ఎటు తిరిగినా గోడే కట్టిపెట్టావు. దారి పెట్టడం మర్చిపోయావా?"

"ఉంది పెద్దమ్మా. నువ్వే వెళ్ళట్లేదు."

"ఎక్కడ?"

"చెప్పేస్తే ఇంక ఆటేముంది?"

ఆటలో పనికి పోయే ప్రతిసారీ ఆ పిల్ల పక్క ట్రైలర్ ముందునుంచే కారు దాకా నడిచేది. గుమ్మం మీద దీపం వెలుగుతూ ఉండేది. తలుపు తట్టాలా అని ఆట అడిగేది. ఆర్డిత్ వద్దనే నొక్కేది.

"చెయ్యి చాపే రకం కాదు ఇది. మన కొండల్లో పుట్టినదాన్ని ముష్టికి పంపుతావా?"

"నేనూ అంతేలే" అంది ట్వైలా ఒకరోజు.

"అలాగే ఉండాలి" అని మొక్కజొన్న రొట్టె ముక్క ఆమె ముందుకు తోసింది ఆర్డిత్. ఆకలి లేదంటూ ట్వైలా దాన్ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంది. మంచినీళ్ళు మాత్రం గ్లాసు మీద గ్లాసు తాగింది. కోటు భుజాల మీంచి జారిపోతోంది. ఈ కాలం పిల్లల సోకు అనుకుంది ఆర్డిత్.

దుప్పటి మడిచిన మర్నాడు ట్వైలా రాలేదు. కబురు పెడితే బదులు లేదు. ఆర్డిత్ ఆమె ఇంటికి వెళ్ళి తలుపు తోసేసరికి మంచం మీద ఒళ్ళు చల్లబడి ఉంది. అయిపోతుందని భయపడి ఇన్సులిన్ సగం సగం వాడుకుంటూ వచ్చిందన్నాడు డాక్టరు. అన్నాళ్ళూ ఆ జబ్బు ఆటలోని పిల్లదేననుకుంది ఆర్డిత్.

ఖననం అయ్యాక, ఒక మధ్యాహ్నం, మిషన్లన్నీ ఖాళీగా ఉన్నప్పుడు ఆవిడ వెనక గదిలో లాప్‌టాప్ తెరిచింది. ఆ పిల్ల మళ్ళీ మంచులో నడిచింది. దీపం దగ్గర ఆట ఎప్పటిలాగే అడిగింది. ఆర్డిత్ ఈసారి తట్టమని నొక్కింది.

తలుపు తెరుచుకుంది. గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్న గోధుమరంగు స్వెటర్‌లో ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఏం కావాలని అడగలేదు.

"లోపలికి రావే. తలుపెయ్యి, వీధికంతా చలిమంట వేస్తున్నామా?"