దెబ్బ తగిలితే మూలగాలి

మా అక్క ముప్పై రెండేళ్ళు టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసింది. ఒక పెద్ద కంపెనీ ఆఫీసులో, కింది అంతస్తులో, మెట్ల పక్కన చిన్న గది ఆమెది. దానికి కిటికీ లేదు. ఒక బల్ల, ఒక కుర్చీ, నూట ఇరవై ఎక్స్‌టెన్షన్ల బోర్డు. ఆ నూట ఇరవై నంబర్లూ ఆమెకు కంఠతా వచ్చు. అవతలివాళ్ళు "హలో" సగం పలికేసరికే మనిషెవరో చెప్పేసేది. ఫలానా సారు సీట్లో లేరని ఎవరైనా అంటే, నిజంగానే లేరో, పక్కనే కూర్చుని లేరనిపిస్తున్నారో కూడా చెప్పేది. ఆఫీసులో ఆమెను చాటుగా "చెవుల మేడమ్" అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది, చెవులు ఆమెవే కదా!

రిటైరయ్యే ఏడాది కళ్ళు మసకబారడం మొదలైంది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందన్నారు. రెండేళ్ళలో కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటికి కాస్త వెలుతురు మిగిలింది. కిటికీ ఎటుందో, ఎదుటికి మనిషి వచ్చాడో లేదో తెలిసేటంత. పెళ్ళి వద్దనుకున్న మనిషి కాబట్టి నాతోనే, మా ఆవిడతోనే ఉంటుంది. ఉంటుంది అనడం కంటే, మా ఇద్దరినీ ఉండనిస్తుంది అనడం న్యాయం.

నేను జిరాక్స్ మెషిన్లు రిపేరు చేస్తాను. కొత్త మెషిన్ల మీద నాకు పెద్ద గౌరవం లేదు. పాడైతే పెట్టె మార్చడం తప్ప వాటికి చేసేదేమీ ఉండదు. పాత మెషిన్ అలా కాదు, ఎక్కడ తట్టాలో తెలిసినవాడి మాట వింటుంది. నేను ఆదివారం పొద్దున్నే ఆడే కంప్యూటర్ ఆట కూడా ఆ బాపతే. వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అందులో మనం రక్తపిశాచి. ఎవరో మెడ కొరికితే అలా అయిపోతాం. ఊరినిండా మనలాంటి పిశాచాలే ఉంటాయి, వాటిలో మళ్ళీ ముఠాలు, పెద్దలు, పంచాయితీలు. కథ అద్భుతం, మాటలు అద్భుతం. మిగతాదంతా అధ్వానం. గడువు ముంచుకొచ్చి హడావిడిగా బజార్లో పెట్టేశారు. తలుపులు తెరుచుకోవు, మనుషులు గోడలో సగం దిగబడి మాట్లాడుతుంటారు, ఒక మెట్లదారి ఎక్కితే ఆటే ఆగిపోతుంది. చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. ముక్కూ మొహం తెలియని అభిమానులు మాత్రం ఇప్పటికీ దాన్ని బాగు చేస్తూనే ఉన్నారు. నేను దాన్ని అప్పటికి మూడుసార్లు ఆడాను, మూడుసార్లూ గొడ్డలి పట్టుకునే ఆడాను.

ఒక ఆదివారం అక్క నా వెనక మంచం మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఆటలో పిశాచాలకు పెద్ద ఒకడు నాకేదో పని అప్పగిస్తున్నాడు.

"వాడు అబద్ధం చెబుతున్నాడు," అంది అక్క.

"నీకెలా తెలుసు?"

"పేరు చెప్పే ముందు కొంచెం ఆగాడు చూడు. నిజమైన పేరుకి ఆగక్కర్లేదు."

నాకు నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఆ పేరు దొంగపేరని తెలుసుకోడానికి నాకు మొదటిసారి ఆడినప్పుడు పదిహేను గంటలు పట్టింది.

ఆ రోజే కొత్తగా మొదలుపెట్టాం. మీటలు నావి, నిర్ణయాలు ఆమెవి. ఆటలో ఎదుటివాళ్ళు నోరు తెరిచి మాట్లాడతారు, ఇంగ్లీషు ఆమెకు నాకంటే బాగా వచ్చు. మనం చెప్పాల్సిన జవాబులు మాత్రం తెరమీద రాసి ఉంటాయి, నాలుగైదింటిలో ఒకటి ఎంచుకోవాలి. అవి చదవడం, గది ఎలా ఉందో, ఎవడి చేతిలో ఏముందో చెప్పడం నా వంతు. మన పిశాచికి తెలివితేటలు పంచిపెట్టే చోట నేను కత్తిసాముకి నాలుగు పాయింట్లు వేద్దామన్నాను.

"ఎందుకురా కత్తి? ముందు అడిగి చూడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది."

"అక్కా, వాళ్ళు రక్తం తాగేవాళ్ళు."

"మా జనరల్ మేనేజర్ కంటేనా?"

పాయింట్లన్నీ మాటకే పోశాం. మా పిశాచి నోరు తెరిస్తే కాపలావాళ్ళు తాళాలిచ్చేవారు, హంతకులు కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. మూడుసార్లు నేను నరుక్కుంటూ పోయిన దారిలో ఇంత కథ ఉందని నాకే తెలియదు. ఒక పాత థియేటరులో నేను ఎప్పుడూ తలుపు దగ్గరే చంపేసే ముసలి పిశాచి ఉంది. అక్క దానితో ముప్పావుగంట మాట్లాడించింది. దానికి చెల్లెలుందట, ఎనభై ఏళ్ళుగా మాటల్లేవట. మా అక్క వాళ్ళిద్దరినీ కలిపింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "పిశాచాలకి కూడా కాపురాలు చక్కబెడుతున్నావా వదినా!" అంది.

నేను కొన్ని సంగతులు దాటేసేవాణ్ణి, అది ఒప్పుకోవాలి. ఆటలో ఒక డాన్సు క్లబ్బు ఉంది. అక్కడి ఆడవాళ్ళ ఒంటిమీద బట్టల గురించి అక్కకు వర్ణించి చెప్పడం నా వల్ల కాలేదు. "ఇది బట్టలకొట్టు," అన్నాను. ఆమె కాసేపు విని, "అబ్బో, బట్టలు కొనడానికి మగవాళ్ళు ఇంతమంది వచ్చి ఈలలు కూడా వేస్తున్నారే," అంది. ఆ రోజు ముగ్గురం కడుపుబ్బ నవ్వుకున్నాం. అది నవ్వి ఊరుకునే సంగతి కాదని నాకప్పుడు తట్టలేదు.

ఏడు నెలలు అలా సాగింది. చివరి భాగానికి వచ్చాం. ఆ ఆట ఎరిగినవాళ్ళకు ఈ చివరి భాగం పేరెత్తితే ఒళ్ళు మండుతుంది. చేసినవాళ్ళకు అక్కడికొచ్చేసరికి సమయం చాల్లేదు, కాబట్టి చివరి తలుపు దాకా మాటలు రాయలేదు. మెట్లు, వరండాలు, మెట్లు, ప్రతిచోటా మీద పడే రాక్షసులు, అంతే. బతిమాలడానికి లేదు, బేరానికి లేదు. అన్ని పాయింట్లూ మాటలో పోసుకున్నవాడు అక్కడికి వెళితే కుడితిలో పడ్డ ఎలుకే. నాకది ముందే తెలుసు. తెలిసీ మొదట్లో చెప్పలేదు, ఆమె అంత సంబరంగా ఆడుతుంటే చెప్పబుద్ధి కాలేదు.

మూడు ఆదివారాలు చచ్చాం. లెక్క అక్కే పెట్టింది, నలభై ఒక్కసార్లు. నలభై రెండోసారికి ముందు ఆమె మంచినీళ్ళకని లేచింది. అలాంటి ఆటల్లో ఒక దొంగదారి ఉంటుంది. ఒక చిన్న గడి తెరిచి అందులో ఒక మాట టైపు చేస్తే, ఇక మనకు చావు ఉండదు. ఆమె గ్లాసు పట్టుకుని వచ్చేలోగా టైపు చేసేశాను. ముగింపు వినాలని ఆమెకెంత ఆశో నాకు తెలుసు. వినిపిద్దామనుకున్నాను, అంతే.

మొదటి వరండా దాటాం, రెండోది కూడా దాటాం. "భలే, చెయ్యి తిరిగిందిరా!" అంటుందని చూస్తున్నాను. అక్క తల ఒక పక్కకు వంచింది.

"ఆపు," అంది.

ఆపాను.

"దెబ్బలు తగులుతున్న చప్పుడు వినిపిస్తోంది. మనవాడు మూలగట్లేదేంట్రా?"

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను ఆమె కళ్ళు కనబడవన్న ధైర్యంతో తాగాను, అంతకంటే సిగ్గుమాలిన పని అది.

"ఏం చేశావో చెప్పు."

చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరిస్తే నేనూ నాలుగు అనేవాణ్ణి, నాకూ కోపం తక్కువేం కాదు. కానీ ఆమె గ్లాసు కింద పెట్టి, చాలా మామూలుగా అడిగింది.

"పోయిన నెల కళ్ళ డాక్టరు ఇచ్చిన చీటీ కూడా ఇలాగే చదివావా?"

ఆ రిపోర్టు రెండు పేజీలు. ఎడమకంటి నరం కూడా ఎండిపోతోందని, మిగిలిన వెలుతురు ఆరు నెలలకు మించి నిలవదని, ఆపరేషన్ చేసినా లాభం లేదని అందులో ఉంది. నేను ఆమెకు చెప్పింది ఒకే ముక్క: "అలాగే ఉందట, చుక్కలు మానొద్దన్నారు."

"నీకు... తెలుసా?"

"చీటీ చదువుతూ మధ్యలో నీళ్ళు తాగావు, రెండుసార్లు. రెండు పేజీలు తిప్పావు, చెప్పింది ఒక ముక్క. ముప్పై రెండేళ్ళు ఏం చేశాననుకున్నావురా నేను?"

"మరి అప్పుడే అడగలేదేం?"

"నువ్వే చెబుతావని ఊరుకున్నా. నెల రోజులు చూశా."

నాకు ఏడుపొచ్చింది. "బాధపడతావని చెప్పలేదక్కా," అన్నాను.

"పడతాను. దెబ్బ తగిలితే మూలుగుతాను, నేనేం రాయినా? కానీ మాత్ర ఏదో నువ్వు చెబితేనే వేసుకుంటున్నా. ముందు మెట్టుందంటే కాలెత్తుతున్నా, లేదంటే దింపుతున్నా. నీ మాటే నాకు కన్ను. అది కూడా మంచిమాటలు చెప్పడం మొదలెడితే నేను దేన్ని పట్టుకుని నడవాలి?"

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. చీటీ సంగతి దానికి తెలుసు, చెప్పేయమని నెలరోజులుగా నా ప్రాణం తీస్తోంది. నేరుగా బీరువా తెరిచి రిపోర్టు నా చేతిలో పెట్టింది. మొదటి అక్షరం నుంచి చివర సంతకం దాకా ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చదివాను. అక్క మధ్యలో ఒకచోట ఆపి, ఆ వాక్యం మళ్ళీ చదవమంది. ఆరు నెలల వాక్యం అది. మళ్ళీ చదివాను. ఆమె దుప్పటి అంచు పట్టుకుని కాసేపు గట్టిగానే ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, "అందులో ఒక నెల నువ్వు మింగేశావు. ఇంక అయిదే ఉన్నాయి, చాలా పనుంది," అంది.

నిజంగానే చాలా పని పెట్టింది. వెలుతురు ఉండగానే ఇల్లంతా అడుగులు లెక్కపెట్టుకుంది. మందుల షాపు దాకా నాలుగు వందల పన్నెండు. మాత్రల డబ్బాలకు రబ్బరు బ్యాండ్లు వేయించింది, పొద్దుటికి ఒకటి, మధ్యాహ్నానికి రెండు. తెల్లకర్ర నేర్పే మేడమ్‌ని వెతికి పట్టుకుని, మొదటి వారంలోనే ఆవిడకు ఫోన్లో ఎలా మాట్లాడాలో తను నేర్పడం మొదలుపెట్టింది. ఎవరి బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఆటకు మాత్రం మూడు వారాలు కూర్చోలేదు. నేను అడగలేదు, అడిగే మొహం లేదు. నాలుగో ఆదివారం పొద్దున్నే తనే వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఆ దొంగపని చేయకముందు దాచిపెట్టిన ఆట ఉందా?"

"ఉంది."

"అక్కణ్ణుంచి పెట్టు. నాకూ ఒక హెడ్‌ఫోన్ ఇయ్యి."

తీగకు రెండు పాయల పిన్ను పెట్టి ఇద్దరం తగిలించుకున్నాం. ఇక చూడాలి ఆమె ఆట! నేను తెరమీద చూసేలోపే ఆమెకు వినిపించేది. "ఎడమ పక్క ఒకడు. ఆగు, ఇద్దరు. ఒకడు కుంటుతున్నాడు, వాణ్ణి వదిలెయ్, రెండోవాడి సంగతి చూడు. వెనక, వెనక!" మాటే ఆయుధమైన మా బక్కపిశాచి, నక్కి, ఆగి, తలుపుల చాటున ఊపిరి బిగబట్టి, ఒక్కో వరండా దాటింది. దెబ్బ తగిలినప్పుడల్లా మూలిగింది. "ఆఁ, అదీ!" అనేది అక్క. చచ్చినప్పుడు చచ్చామని చెప్పాను. ఎంత రక్తం మిగిలిందో, ఎన్ని మెట్లున్నాయో, నా తప్పు వల్ల ఎన్నిసార్లు పోయామో అన్నీ చెప్పాను. అబద్ధం అలవాటైన నోటికి నిజం చెప్పడం మొదట్లో కష్టంగానే ఉంది, తర్వాత హాయిగా ఉంది.

చివరి తలుపు దగ్గరికి వచ్చేసరికి డాక్టరు చెప్పిన గడువుకి ఇంకా రెండు నెలలుంది. పొద్దున పదిన్నర అయి ఉంటుంది. తెరమీద ఎండ పడకుండా నేను కిటికీ పరదా వేసి కూర్చోవడం అలవాటు. ఆ రోజు మరిచిపోయాను.

"పరదా వేశావా?" అంది అక్క.

వేశానని ఒక్క మాటంటే సరిపోయేది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదక్కా. తీసే ఉంది. ఎండ సూటిగా నీ మొహం మీదే పడుతోంది."

ఆమె చెయ్యెత్తి చెంప మీద పెట్టుకుంది. వేడి తగిలినట్టుంది. ఎడమకంటిని ఎండవైపు తిప్పింది. నేను ఆమె భుజం పట్టుకున్నాను.

"సరే," అంది. "తలుపు తియ్యి."

తీశాను. పిశాచాల పెద్ద అక్కడే ఉన్నాడు. ఊరంతా ఇస్తాను, నా కింద ఉండమన్నాడు. తెరమీద నాలుగు జవాబులొచ్చాయి. నాలుగూ చదివాను, చదవకూడని తిట్టున్నదాన్ని కూడా చదివాను. అక్క మూడోది చెప్పమంది: ఎవరి కిందా ఉండను, నా దారిన నేను పోతాను. అతను ఏదో అరిచాడు. మా పిశాచి వెనక్కి తిరిగి, మెట్లు దిగి, వీధిలోకి నడిచింది. సంగీతం మొదలైంది.

"ఇప్పుడేం కనిపిస్తోంది?"

"ఏమీ లేదక్కా. తెరంతా నల్లగా ఉంది. పేర్లు వస్తున్నాయి."

"ఎవరివి?"

"ఆట చేసినవాళ్ళవి. చాలా ఉన్నాయి."

"చదువు."

చదివాను. నోరు తిరగని పేర్లు, ఇంటిపేరు ఏదో మనిషి పేరు ఏదో తెలియని పేర్లు. తప్పు పలికినచోట ఆగి మళ్ళీ చదివాను. మా ఆవిడ రెండుసార్లు పిలిచింది, మూడోసారి తనే వచ్చి అక్క పక్కన కూర్చుంది. పదకొండు నిమిషాలు పట్టింది. ఒక్క పేరు కూడా వదల్లేదు.