నీలం డబ్బా నీళ్ళు, పైడమ్మ దగ్గు

హోటల్లో మంచినీళ్ళ గ్లాసు ఇస్తే వెలుతురుకి ఎత్తి చూస్తారు కదా, మరి మీ ఊపిరితిత్తుల్లోకి దించే గొట్టాన్ని చివరిసారి ఏ నీళ్ళతో కడిగారో ఎప్పుడైనా అడిగారా?

కోవిడ్ అలలు తగ్గిన మరుసటి ఏడాది. విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను మైక్రోబయాలజిస్టుని. అంటే రోగి ముఖం కన్నా రోగి కఫాన్ని ఎక్కువగా చూసే డాక్టర్ని. దసరా వెళ్ళింది గానీ వానలు వెళ్ళలేదు. ఆ రోజుల్లో భోగాపురం వైపు సముద్రపు ఒడ్డు పల్లె నుంచి పైడమ్మ అనే చేపలమ్ముకునే ఆవిడ దగ్గుతో మా ఆసుపత్రికి వచ్చింది. ఎక్స్‌రేలో కుడివైపు మచ్చ. ఎంత దగ్గినా కఫం సరిగా పడటం లేదు. దాంతో మా ఛాతీ డాక్టరు బ్రాంకోస్కోపీ చేశారు. బ్రాంకోస్కోపు అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టం. దాని పొడవునా లోపల ఇంకో సన్నని దారి ఉంటుంది. ఆ దారిగుండా ఊపిరితిత్తుల్లోకి కాస్త ఉప్పునీళ్ళు వదిలి, తిరిగి లాగి, ఆ నీళ్ళను నా దగ్గరికి పంపుతారు.

స్లైడు మీద రంగు వేసి చూశాను. నీలం నేల మీద ఎర్రటి పుల్లలు, బోలెడు. టీబీ క్రిములు అలాగే కనిపిస్తాయి. అయితే అదే నీళ్ళను సీబీనాట్‌లో పెడితే, అంటే టీబీ క్రిమి జన్యువును వెతికే యంత్రంలో పెడితే, అది లేదంది. కంటికి ఇన్ని కనిపిస్తుంటే యంత్రానికి ఒక్కటీ దొరకలేదా? జవాబు లేని ప్రశ్న అంటే నాకు మొదటినుంచీ ఆకలి ఎక్కువ.

జవాబు దొరికేలోగా మాట పల్లెకి చేరిపోయింది. మూడోనాడు తెల్లారేసరికి పైడమ్మ మా ల్యాబు కిటికీ దగ్గర నిలబడింది.

"ఏటి డాట్రమ్మా, నాకు టీబీ అంతన్నారు?"

"ఇంకా తేలలేదమ్మా. మళ్ళీ చూస్తున్నాం."

"మీకు తేలనేదు గానీ మా ఊరోళ్ళకి తేలిపోనాది. కోడలు పసిబిడ్డని ఎత్తుకుని కోటబొమ్మాళి కన్నోరింటికి ఎలిపోనాది. గంప నెత్తినెట్టుకుని ఈదంతా తిరిగితే, దింపడానికి సెయ్యేసినోళ్ళు నేరు. ఎవులు కొంతారు నా సేప?"

గంప తలమీంచి దింపడానికి ఇంకో మనిషి చెయ్యి కావాలి. ఆ చెయ్యి రాకపోతే బేరం మొదలే కాదు. ఆవిడకి రోగంకన్నా ముందు పేరు అంటుకుంది.

ఛాతీ డాక్టరు గారి వాదనా కొట్టిపారేసేది కాదు. "ఎర్ర పుల్లలు కనిపించాక మందు ఆపితే, అది నిజంగా టీబీ అయితే, ఆ ఇంటి పసిబిడ్డకీ ముప్పేనమ్మా. వారం ఆగుతాను. ఆపైన ఆగను" అన్నారు.

ఆ వారంలోనే ఇంకో ఇద్దరి నమూనాలు అదే తీరుగా వచ్చాయి. కంటికి ఉంది, యంత్రానికి లేదు. ఒకాయన పాతపట్నం, ఇంకొకరు ఇదే టౌను. ఒకరినొకరు ఎరగరు. ముగ్గురికీ ఉమ్మడి చుట్టం ఒక్కటే, మా స్కోపు.

స్కోపు గదికి వెళ్ళాను. శుభ్రం చేసి బీరువాలో వేలాడదీసిన స్కోపు పిడి మీద ఎంత కడిగినా పూర్తిగా పోని కుంకుమ బొట్టు, దాని చుట్టూ పసుపు. ఆయుధపూజ గుర్తు! దొరికింది దొంగ అనుకున్నాను. వైద్య పరికరానికి పసుపు రాయడమేమిటని ఆ గది ఇన్‌చార్జి సిస్టరుతో గట్టిగానే వాదించాను.

ఆవిడ తగ్గలేదు. "మేడమ్, మీకు బొట్టు కనిపిస్తే చాలు, కేసు రాసేస్తారు. పరీక్ష చెయ్యకుండా నమ్మొద్దని రోజూ చెప్పేది మీరే కదా? మరి చెయ్యండి."

బుద్ధిగా చేశాను. బొట్టు మీంచి దూదిపుల్లతో తీసినది ఒకటి, స్కోపు లోపలి దారిలోకి శుభ్రమైన నీళ్ళు ఎక్కించి వెనక్కి పట్టినది ఒకటి. బొట్టులో ఎర్ర పుల్లలు లేవు. లోపలి నీళ్ళలో కుప్పలు. ఏ రోగీ లేడు, ఏ ఊపిరితిత్తీ లేదు, ఖాళీ గొట్టమే "టీబీ" చూపిస్తోంది.

స్కోపులు కడిగే టెక్నీషియన్ సింహాచలం తల గోక్కున్నాడు. "అయితే మేడమ్, స్కోపుకే టీబీ వచ్చిందంటారా?"

"వస్తే దానికీ మందులు రాయిద్దాం. ముందు నువ్వెలా కడుగుతావో చేసి చూపించు. నోటితో చెప్పొద్దు."

చేసి చూపించాడు. గొట్టానికి చిల్లుందేమో చూశాడు. లోపల బ్రష్ తోశాడు. సబ్బు మందులో కడిగాడు. గ్లుటరాల్డిహైడ్‌లో, అంటే క్రిముల్ని చంపే ఘాటైన ద్రావణంలో, ఉంచాల్సినంతసేపూ ఉంచాడు. నేను తప్పు పట్టడానికి ఒక్క సందు ఇవ్వలేదు. చివర ఆ మందు వాసన పోయేలా కడగాలి కదా, జగ్గు పట్టుకుని మూలనున్న నీలం డబ్బా దగ్గరికి వెళ్ళాడు.

"ఆగు. అవేం నీళ్ళు?"

"మినరల్ వాటర్ మేడమ్! స్టెరైల్ వాటర్ సీసాలు రావడం మానేశాయి. వానలకి కుళాయి నీళ్ళు ఎర్రగా వస్తన్నాయి. అవెందుకని ఇవి పోస్తన్నాను. మీ టేబుల్ మీదుండేవీ ఇవే కదా."

గొంతులో గర్వం ఉంది. అతను అశ్రద్ధ చేసినవాడు కాదు. శ్రద్ధ ఎక్కువై తప్పు చేశాడు. ఆ డబ్బా వంచి లోపల వేలు పెట్టి చూశాను. జారింది. పాచి. అటు దుకాణంలో నింపుతారు, ఇటు మనం తాగుతాం, మళ్ళీ నింపుతారు. లోపల రుద్దేవాళ్ళెవరు? మూతికి కొత్త సీలు వేస్తే నీళ్ళు కొత్తవైపోతాయని మన టౌనంతా నమ్ముతోంది. నేనూ ఆ నీళ్ళే తాగుతున్నాను.

"తాగితే ఏం కానివి, కడిగితే అవుతాయా మేడమ్?"

మంచి ప్రశ్న. కడుపులో క్రిముల పని పట్టడానికి ఆమ్లం ఉంది. స్కోపు గొట్టంలో ఏముంది? చంపే మందు పని అంతకుముందే అయిపోయింది. దాని తర్వాత పోసిన నీళ్ళలో ఏ క్రిమి ఉన్నా అదిక రాజే.

"సరే, తర్వాత లోపల స్పిరిట్ పోసి, గాలి కొట్టి ఆరబెట్టాలి కదా?"

"స్పిరిట్‌కి రబ్బరు పాడైపోతాది మేడమ్."

"ఎవరు చెప్పారు?"

"అందరూ అంటారు."

ఈ 'అందరూ' అనే పెద్దమనిషిని నేను చాలా ఏళ్ళుగా వెతుకుతున్నాను. గ్రహణం నాడు అన్నం పారబోయించేదీ ఈయనే, స్కోపుని తడిగా బీరువాలో పెట్టించేదీ ఈయనే. ఎప్పుడూ అడ్రసు మాత్రం ఇవ్వడు.

డబ్బా నీళ్ళను, పైడమ్మ నమూనాను పక్కపక్కనే పోషక పళ్ళేల్లో వేసి క్రిముల్ని పెంచాను. టీబీ క్రిమి బద్ధకపుది, పెరగడానికి వారాలు తీసుకుంటుంది. ఇవి డాక్టరు గారిచ్చిన గడువు దాటకముందే రెండు చోట్లా ఒకేలా పైకి తేలాయి. టీబీ కావు. టీబీకి దూరపు చుట్టాలు, నీళ్ళలో బతికేవి, రంగు వేస్తే అచ్చం దానిలాగే ఎర్రబడేవి. పైడమ్మకి ఉప్పునీటి ఆవిరి పట్టించి, కఫం తెప్పించి చూస్తే అందులో ఏమీ లేదు. ఆ ఎర్ర పుల్లలు ఆవిడ ఊపిరితిత్తుల్లోంచి రాలేదు. మేమే గొట్టంతో పట్టుకెళ్ళి, మేమే తిరిగి తెచ్చుకున్నాం. ఎక్స్‌రేలో మచ్చ మామూలు న్యుమోనియాది. కొన్నాళ్ళకి కరిగిపోయింది. మిగతా ఇద్దరి సంగతీ అలాగే తేలింది.

రిపోర్టు ఇస్తుంటే పైడమ్మ అడిగింది. "టీబీ నేదని పెద్ద అచ్చరాల్తో రాసీండి డాట్రమ్మా. సంతలో సూపిత్తాను."

రాసిచ్చాను. స్కోపు గదిలోంచి నీలం డబ్బా పోయింది, సీసాలు తిరిగొచ్చాయి, స్పిరిట్, గాలి తప్పనిసరయ్యాయి. రబ్బరు నిక్షేపంగా ఉంది. కుంకుమ కూడా తుడిపించాను. దాని తప్పు లేదని నేనే తేల్చాను గానీ, దాని అవసరమూ లేదు. స్పిరిట్ దూది సిస్టరే తెచ్చిచ్చింది.

చాలా రోజుల తర్వాత మార్కెట్లో పైడమ్మ కనిపించింది. మనవడు ఇంటికి తిరిగొచ్చాడట. "మరి బేరాలు?" అన్నాను. "కాయితం సూసినోళ్ళు కొంతన్నారు. సూడనోళ్ళు ఇంకా నన్ను దాటెళ్ళి ఇంకోళ్ళ కాడే కొంతన్నారు" అంది. నేను చెయ్యి వేసి గంప దింపాను. తడి చేపల బరువు భుజాల దాకా తెలిసింది.

ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. నమ్మకం పసుపు రంగులోనే ఉండదు, నీలం రంగు ప్లాస్టిక్‌లోనూ ఉంటుంది. నాకు నచ్చని దాన్ని అనుమానించడం తేలిక. నాకు నచ్చినదాన్నీ, రోజూ తాగేదాన్నీ అనుమానించాలి. ఆ తర్వాత అనుమానాన్ని కూడా పరీక్షకు పెట్టాలి.

స్కోపు పరీక్ష అవసరమైతే మానకండి, అది ప్రాణాలు కాపాడుతుంది. కానీ మీకో, మీవాళ్ళకో గొట్టం దించే ముందు లేచి అడగండి. "చివర ఏ నీళ్ళతో కడిగారు? లోపల ఆరబెట్టారా?" గోడమీది చార్టు చూపిస్తే ఒప్పుకోకండి. బీరువా తెరిపించండి, ఆ గొట్టం కొస నుంచి నీటిబొట్టు రాలుతుందేమో మీ కళ్ళతో చూడండి. రాలితే, ఆరబెట్టి తెచ్చేదాకా నోరు తెరవకండి.