సోమవారం నీళ్లు

వేంపల్లె చుట్టుపక్కల బావులకాడ రెవెన్యూ ఇన్‌స్పెక్టరు దస్తగిరి సాయిబు సైకిలు చప్పుడు తెలియని రైతు లేడు. భుజాన ఖాకీ సంచి, అందులో గాజు సీసా, చెవి సందున పెన్సిలు ముక్క. ముగ్గురాయి గనుల్లోంచి తోడిపోసే తెల్లనీళ్లు ఏ బావిలోకి ఊరుతున్నాయో ఆయన రాస్తేనే రైతుకు నష్టపరిహారం. ఎద్దులతో కపిల తోలి, పది తోలు బానల నీళ్లు పైకొచ్చి, బావి అడుగున పేరుకున్న తెల్లమడ్డి కదిలాకే సీసా పట్టడం ఆయన నియమం. ఓబులమ్మ అనే రైతు బావికి పోయిన రోజు మాత్రం సోమవారమైంది. ఆ ఊళ్లో సోమవారం ఎద్దులకు కాడి పెట్టరు. మర్నాడు మళ్లీ పన్నెండు మైళ్లు తొక్కడానికి బద్ధకించి, పైన తేరిన నీళ్లే తాడేసి చేదుకుని, సీసా ఎండకు పట్టి చూసి, “తేట నీళ్లు, సాగుకూ తాగడానికీ పనికొస్తాయి” అని రాసేశాడు. ఆ మాట ముల్లులా గుచ్చుతుంటే మూడు నెలలు ఆ దోవ తప్పించుకు తిరిగాడు. చివరికి ఉండబట్టలేక మళ్లీ ఆ బావికాడికే వచ్చాడు.

కపిల తోలుతున్నారు. కాలువలో నీళ్లు సున్నం కలిపినట్టు పారుతున్నాయి. వరి మొదళ్లు తెల్లగా పెచ్చుకట్టాయి. ఓబులమ్మ చెంబుతో ఎదురొచ్చింది.

“మా బావి నీళ్లేనప్పా, తాగు. ముందు వంక నుంచి మోసుకొస్తాంటిమి. మంచివేనని నువ్వు రాసినాక ఈటినే తాగుతాండాం.”

ఆయన చెంబు దించకుండా తాగాడు. నాలుక మీద పిండి పిండిగా తగిలింది.

“ఆ పొద్దు సోమవారం గదమ్మా...” అన్నాడు చెంబు తిరిగిస్తూ.

“అవునప్పా!” అని నవ్విందామె. “ఎద్దుల్ని కట్టమని బలవంతం చెయ్యకుండా నువ్వే చేదుకుంటివే. నీ అంత మంచోళ్లు యాడుంటారప్పా?”