అత్తయ్య జెట్టీలో వేసుకునే బీపీ గోలీ

"మాది అండమాన్ రక్తం, ఓడెక్కితే మాకు వాంతులు రావు" అంటారు మా అత్తయ్య. శ్రీకాకుళం నుంచి కోడలిగా వచ్చిన నేను, మాట పడటం ఇష్టం లేక, మూడేళ్లుగా మాత్ర వేసుకోకుండానే ఓడెక్కి కవరు పట్టుకుని కూర్చుంటున్నాను.

కానీ ఎక్కడానికి అరగంట ముందు ఆవిడ ఎప్పుడూ "నీళ్లు తాగొస్తా" అని పక్కకెళ్లడం నాకు అనుమానంగానే ఉండేది. నీళ్ల బాటిల్ నా దగ్గరే ఉంటుంది కదా! ఈ రోజు హేవ్‌లాక్ దీవికి వెళ్తూ, పోర్ట్ బ్లెయిర్ జెట్టీలో ఆవిడ వెనకాలే వెళ్లాను. స్తంభం చాటున ఏదో మాత్ర మింగుతున్నారు.

"ఏంటత్తయ్యా అది?"

"బీపీ గోలీ. ఔర్ క్యా!"

బీపీ మాత్ర పొద్దున్న ఇడ్లీ తిన్నాక నేనే ఇచ్చాను.

"నాకూ బీపీ ఉన్నట్టుందత్తయ్యా, ఒకటివ్వండి."

ఆవిడ అటూ ఇటూ చూసి, ఒకటి చేతిలో పెట్టారు. మా ఊళ్లో బస్సెక్కే ముందు వేసుకునే వాంతుల మాత్రే! దారంతా ఇద్దరం హాయిగా కబుర్లు చెప్పుకున్నాం.

మా ఇంట్లో మిగతా అందరివీ హిందీ చదువులే, తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే గనక ధైర్యంగా రాస్తున్నా. ఇప్పుడు నా అనుమానమంతా మామయ్య మీద. ఓడెక్కే ముందు ఆయన వేసుకునేది నిజంగా గ్యాస్ మాత్రేనంటారా?