తొమ్మిదో ప్లేటు

మెల్‌బోర్న్‌లో చదువుకునే రోజుల్లో, మా అద్దె ఇంట్లో తోటివాళ్లెవరికీ చెప్పకుండా వేరే గది చూసుకోవడానికి ఒక ఆదివారం క్రెయిగీబర్న్ వైపు వెళ్లే రైలెక్కాను. పక్కన కూర్చున్న హైదరాబాదు అంకుల్, రిటైరైన చరిత్ర టీచరు, నా యూనివర్సిటీ పుస్తకం చేతిలోకి తీసుకుని అందులో ఫ్రాన్సు రాజు బొమ్మ చూశారు.

"ఈ రాజు చిన్న వయసులనే పెద్ద పెద్ద దొరల కోరలు పీకిండు బేటా. కత్తితోని కాదు, మహల్ల ఉంచుకొని. పొద్దుగాల రాజుకు చొక్కా అందించనీకి వాళ్లల్ల వాళ్లే కొట్టుకునేటోళ్లు. ఎవరు రాలేదో ఒక్క చూపుల పట్టేటోడు."

"అంత చిన్నదానికే లొంగారా అంకుల్?" అని నవ్వాను.

ఫోన్ మోగింది. మేం తొమ్మిది మందిమి ఉండే ఇంటి తాళాలు మాలో చిన్నవాడైన కిరణ్ చేతిలోనే ఉంటాయి. ఆదివారం బిర్యానీ వాడే వడ్డిస్తాడు.

"అన్నా, ఎనిమిది ప్లేట్లే నిండాయి. ఎక్కడున్నావ్?" అన్నాడు మెల్లగా. వెనక ఎవరూ మాట్లాడటం లేదు.

"వచ్చేస్తున్నా తమ్ముడూ. లెగ్ పీస్ నాకుంచుతావుగా?" అనేశాను.

అంకుల్ పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టారు.