వెనక్కి పిలవని బేరం

డిగ్రీ అయిపోయి ఉద్యోగం ఇంకా దొరకని ఆ రోజుల్లో నామీద నాకు ఎంత నమ్మకం ఉండేదంటే, దాన్ని బస్తాలకెత్తి అమ్మగలిగితే మా ఇంట్లో ఇవాళ ఎవరూ పని చెయ్యక్కర్లేదు. ముఖ్యంగా బేరం విషయంలో. బందరులో మాది కిరాణా కొట్టు. బేరం నేర్పింది నాయనమ్మ. చెప్పిన ధరలో సగానికి అడగాలి, కాదంటే మెట్లు దిగిపోవాలి. "వెనక్కి మాత్రం చూడకు. వాడే పిలుస్తాడు," అనేది. పిలిచేవాళ్ళు కూడా. (చెప్పుల కొట్లో ఒకసారి పొరపాటున కొత్త చెప్పులతోనే దిగిపోయాను. అప్పుడు ఇంకా గట్టిగా పిలిచారు.)

ఎండాకాలం ముందు, కూల్‌డ్రింకులకి ఫ్రీజర్ కొనుక్కురమ్మని నాన్న డబ్బిచ్చి గుడివాడ పంపారు. అక్కడ కమోడిటీ ట్రేడింగ్ ఆఫీసులో నా స్నేహితుడు స్క్రీను బావ పనిచేసేవాడు. రోజంతా కంప్యూటర్ తెర ముందే కూర్చుంటాడు కాబట్టి ఆ పేరు. కొద్దిగా అడ్వాన్స్ కడితే చాలట, రాబోయే నెల పసుపుని ఇప్పటి ధరకే మాట్లాడేసుకోవచ్చట, పెరిగితే తేడా మనదేనట. తాతల నాటి నుంచీ తోట్లవల్లూరు పసుపు అమ్ముకుంటున్న ఇంటివాణ్ణి, నాకు కాకపోతే ఇంకెవరికి కలిసొస్తుంది? ఫ్రీజర్ డబ్బు అక్కడ కట్టేశాను.

బాగా తగ్గించి ధర అడిగి, తెరకి వీపు పెట్టి కూర్చున్నాను.

"అటు తిరిగావేంటి బావా?"

"చూస్తున్నానని తెలిస్తే పెంచేస్తాడు."

"ఎవడు?"

కిందకెళ్ళి టీ తాగొచ్చాను. ఎవరూ పిలవలేదు, ధర పెరిగింది. ఫ్రీజర్ బేరం ఇంకా తెగలేదని ఇంటికి కబురు పెట్టి, బావ గదిలోనే ఉండిపోయాను. మర్నాడూ అంతే. చివరికి పౌరుషమొచ్చి, అది అన్నిటికన్నా పైనున్న రోజు చూసి మరీ కొన్నాను. ఆ సాయంత్రం నుంచే పడటం మొదలెట్టింది.

నేను కంగారుపడలేదు. అమ్ముడుపోని సరుకుని అటకెక్కించి, గిరాకీ వచ్చేదాకా కూర్చోవడం మాకు కొత్త కాదు. కాకపోతే అటకమీది సరుకు రోజూ సాయంత్రం గల్లాపెట్టెలోంచి డబ్బు తీసుకోదు. ఇది తీసుకుంది. ఎంత పడితే అంతా నా అడ్వాన్స్‌లోంచి కోసేశారు. చివరికి బావ ఫోన్ చేశాడు. "ఇంకొంచెం కట్టాలంట బావా. లేకపోతే రేపు వాళ్ళే అమ్మేస్తారు." ఓపికకి కూడా అడ్వాన్స్ కట్టాలని నాయనమ్మ చెప్పలేదు. నా దగ్గర మిగిలింది బస్సు చార్జీ. వాళ్ళు అమ్మేశారు. ఆ తర్వాతి వారమే పసుపు లేచి కూర్చుంది.

నాన్న తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. అంతా విని అడిగారు: "పసుపు కొన్నావు, సరే. బస్తాలేవిరా?" ఆ వేసవంతా కొట్లో కూల్‌డ్రింకులు నీళ్ళ బకెట్లో కూర్చున్నాయి. పుచ్చుకున్న ప్రతివాడూ సీసా తడిమి, నావైపు చూసేవాడు.

ఇప్పుడు నాకు బట్టతల వచ్చింది, బేరం మాత్రం పోలేదు. మొన్న అవనిగడ్డలో రొయ్యలు బేరమాడి, కుదరక, వెనక్కి చూడకుండా నడుస్తున్నాను. "ఓ బాబూ, ఇటు రా," అని కేకేసింది రొయ్యలమ్మే ఆవిడ. వెళ్తే, ధర అదేనంది, రూపాయి తగ్గదంది. మారు మాట్లాడకుండా సంచి చాపాను. పిలిచింది, అదే పదివేలు.